సాయినగర్ స్కానింగ్ సెంటర్: డాక్టర్ సూపర్, రిసెప్షన్ దండగ

అనంతపురంలో వృషణాల స్కానింగ్‌కి ఎక్కడికెళ్లాలో అడగడానికే సిగ్గుపడేవాళ్ల కోసం రాస్తున్నా. గడ్డ ఉందని సాయినగర్‌లో నేను వెళ్లిన చోట రిసెప్షన్ కుర్రాడు చీటీ చూసి "స్క్రోటమ్ డాప్లరా అన్నా?" (వృషణాల సంచికి, రక్తప్రవాహం కూడా చూపే స్కాన్) అని హాలంతా వినబడేలా అడిగాడు, పక్కనున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

లోపల డాక్టర్ మాత్రం బంగారం. తలుపు వేసి, టవల్ కప్పి, జెల్ చల్లగా ఉంటుందని ముందే చెప్పి, రెండువైపులా పోల్చి చూసి, ఆ తర్వాత నిలబెట్టి ఊపిరి బిగబట్టి ముక్కమన్నారు, వేరికోసీల్ (వృషణాల సిరలు ఉబ్బిపోవడం) ఉంటే సిరలు అప్పుడు బాగా ఉబ్బి కనిపిస్తాయట. సూది లేదు, రేడియేషన్ లేదు. స్క్రీన్ నావైపు తిప్పి చూపించారు: గడ్డ వృషణంలో కాదు, వెనకున్న ఎపిడిడిమిస్‌లో (వీర్యకణాలు నిలవుండే గొట్టం), లోపలంతా నల్లగా, అంటే నీరే, డాప్లర్‌లో రక్తప్రవాహం లేదు. మామూలు సిస్టే (నీటి తిత్తి), ఇబ్బంది పెట్టకపోతే దాని జోలికి పోనక్కర్లేదన్నారు. టెన్షన్ సగం అక్కడే దిగిపోయింది.

అదే వృషణం లోపల గట్టి గడ్డ కనిపిస్తే మాత్రం, కాదని తేలేదాకా క్యాన్సర్‌గానే అనుమానిస్తారు, యూరాలజిస్టు, రక్తపరీక్షలు తప్పవు. లోపలే ఉన్నా హాని చేయని ఎపిడెర్మాయిడ్ సిస్ట్ లాంటివీ ఉంటాయి, అది చాలాసార్లు ఉల్లిపాయ పొరల్లా కనిపిస్తుందట.

రిపోర్టు వెంటనే ఇచ్చారు, సైజు మిల్లీమీటర్లలో రాసి మరీ. పార్కింగ్ లేదు, బండి వీధి చివర పెట్టుకోండి.