కలూగాలో వేడినీళ్లు లేని రాత్రి

రష్యాలోని కలూగా ఊరు వెళ్లండి, కానీ రాత్రి ఉండకండి. పొద్దున్నే మాస్కోలో కీవ్‌స్కీ స్టేషన్‌లో రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆ తెలివి లేక మేము 3,400 రూబుళ్లు పోసి ఒక ఫ్లాటు తీసుకున్నాం.

మొదటి దెబ్బ రైలు దిగగానే తగిలింది. కలూగా-1, కలూగా-2 అని రెండు స్టేషన్లు. మేము దిగిన రెండోది ఊరికి ఎక్కడో దూరం. టాక్సీకి 650 అయింది. టికెట్లు తీసింది మాస్కోలో వైద్యం చదువుతున్న మా అమ్మాయి కాబట్టి నోరు మెదపలేదు. ఫ్లాటులో కుళాయి తిప్పితే మంచులాంటి నీళ్లు. ఇంటావిడకు ఫోను చేస్తే, వేసవిలో గొట్టాల మరమ్మతుకని వేడినీళ్లు కొన్నాళ్లు ఆపేస్తారనీ, అది అందరికీ తెలిసిన విషయమేననీ సమాధానం. డబ్బు కట్టించుకునేటప్పుడు ఆ ముక్క చెప్పవద్దూ? పైగా విదేశీయుల కాగితాలకంటూ ఇంకో 500 లాగింది. మా ఆవిడ సూప్ గిన్నెలో నీళ్లు కాచింది. చెంబు లేక టీ కప్పుతో స్నానాలు.

"రాకెట్లు కట్టినాయన ఊళ్లో వేడినీళ్లకు దిక్కు లేదా?" అని వంటింట్లోంచి గొణుగుడు. ఆవిడ అంటున్నది ఈ ఊళ్లో బతికిన రాకెట్ శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ గురించి. ఆయన రాకెట్ కట్టలేదు, లెక్క కట్టాడు అనబోయి, మానుకున్నాను.

మర్నాడు అంతరిక్ష మ్యూజియం. 1961లో తొలి వ్యోమగామి గగారిన్ పునాదిరాయి వేస్తే 1967లో తెరిచారు. బయట వోస్తోక్ రాకెట్ నిలబెట్టారు. బాగుంది, గంటన్నర చాలు.

మిగిలిన సమయమంతా సియోల్కోవ్‌స్కీ ఇంటికి ఇవ్వండి. ఓకా నదికి దగ్గరగా చిన్న చెక్క ఇల్లు. 1908 వరదలో మునిగింది కూడా. లోపల ఆయన స్వయంగా చేసుకున్న రేకు గరాటాలు ఉన్నాయి, మన కిరోసిన్ కొట్టులో గరాటాల్లాంటివే, కాకపోతే బాగా పెద్దవి. సన్నని కొస చెవి దగ్గర పెట్టుకుని వినేవాడట. పదేళ్ల వయసులో స్కార్లెట్ జ్వరం వచ్చి వినికిడి చాలావరకు పోయింది, బడి ఆగింది. పదహారేళ్లకు మాస్కో చేరి, గ్రంథాలయంలో కూర్చుని గణితం, భౌతికం తనంతట తానే నేర్చుకున్నాడు. ఇంధనం మండి రాకెట్ బరువు తగ్గేకొద్దీ వేగం ఎంత పెరుగుతుందో చెప్పే సూత్రాన్ని 1903లో అచ్చు వేయించాడు. శ్రీహరికోట నుంచి లేచే ప్రతి రాకెట్టుకూ ఇప్పటికీ అదే లెక్క. జీతం మాత్రం బడిపంతులుగానే.

మా ఆవిడ ఇరవై ఎనిమిదేళ్లు లెక్కల టీచరు. ఆ గరాటాల ముందు నుంచి కదలలేదు. "వినపడకుండా క్లాసు ఎలా అదుపులో పెట్టాడమ్మా?" అని అమ్మాయిని అడిగింది. తర్వాత నిటారు మెట్లెక్కి మేడగదికి వెళ్లింది. అక్కడొక తలుపు వరండా కప్పు మీదికి తెరుచుకుంటుంది. అంతరిక్షంలోకి తలుపు అని ఆయనే సరదాగా పేరు పెట్టుకున్నాడట. తెరిచి చూపిస్తారేమో అడగమంది. తెరవరట. కాసేపు గడియ వైపే చూస్తూ నిలబడింది. వేడినీళ్ల మాట మళ్లీ ఎత్తలేదు.

దారిలో కలూగా తేస్తో కొన్నాం, 280 రూబుళ్లు. రై రొట్టె పొడి, తీపి పాకం, మసాలా దినుసులు కలిపిన నల్లటి ముద్ద. చూడటానికి చింతపండులా ఉంటుంది కానీ వదలబుద్ధి కాదు.

తిరుగు రైలు కలూగా-1లో ఎక్కాం. ఆ టికెట్లు నేనే తీశాను.