అమ్మ ఊరెళ్తే ఏ సినిమా పెట్టాలి?

అమ్మ పుట్టింటికి పోయింది, జొన్నరొట్టెలు కొట్టేది నాన్నే. పాలమూరులో అసుంటి ఆదివారం రాత్రికి రెండు సినిమాలు.

‘మిస్టర్ మామ్’ (1983): కొలువు పోయిన తండ్రి ఇల్లు చూసుకుంటడు, తల్లి ఉద్యోగానికి పోతది. గంటన్నరలో ఖతం. ఇంగ్లిష్ గనుక నాయినమ్మకు పక్కన కూసోని ఎవరో ఒకరు చెప్పాలె.

‘భామనే సత్యభామనే’: 1996 నాటి తమిళ సినిమాకు డబ్బింగ్. బిడ్డ కోసం మామ ఇంట్లోనే ఆయమ్మ వేషం కట్టిన కమల్ హాసన్. చెప్పే పని లేదు. కానీ నిడివెక్కువ, పైగా విడాకుల ముచ్చట, చిన్నోళ్లు ప్రశ్నలేస్తరు.

నవ్వుకైతే నా ఓటు కమల్‌కే. గుచ్చుకునేది మాత్రం మొదటిదే. వాషింగ్ మెషీన్‌తో ఆ తండ్రి తిప్పలు చూసి మా ఇంట్లో ఒకాయన సప్పుడు చెయ్యలే.

ముసలోళ్లుంటే రెండోది. తెల్లారి బడి ఉంటే మొదటిది.