కోర్టు ముందు టీకొట్టు దగ్గర ‘మీ కేసు నేను చూసుకుంటా’ అనేవాళ్ళతో జాగ్రత్త

కోనసీమలో మనలాంటి వాళ్ళ మీద కేసు పడితే, వకీలు కనపడేలోపే ఇంకో మనిషి ఎదురొస్తాడండి. నాకూ వచ్చాడు. 32,000 పోయాయి. డబ్బు సంగతి సరే, వారెంటు దాకా తెచ్చి వదిలేశాడు.

గొడవ దాళ్వా (రెండో పంట) నీళ్ళ దగ్గర మొదలైంది. మా వంతు రాత్రి పక్క చేను ఆయన తూముకి గడ్డిమోపు అడ్డం పెట్టాడు. మాటా మాటా పెరిగి తోసుకున్నాం. ఆయన గట్టు మీంచి జారితే మోచెయ్యి గీరుకుపోయింది. తెల్లారేసరికి నా మీద ఎఫ్‌ఐఆర్: భారతీయ న్యాయ సంహిత 126(2), 115(2). అడ్డగించడం, కొట్టడం. 2024 జులై 1కి ముందైతే ఇవే పాత ఐపీసీలో 341, 323. మా ఊళ్ళో ఇప్పటికీ ఆ నంబర్లే చెబుతారు.

టీకొట్టు బల్ల మీద కూర్చున్నాయన తెల్లచొక్కా, చంకలో ఫైలు చూసి వకీలే అనుకున్నాను. బార్ కౌన్సిల్ నమోదు నంబరు ఎంతండీ అని ఒక్క మాట అడిగుంటే అక్కడే తేలిపోయేది. “స్టేషన్ బెయిలుకి 30,000 అవుతుంది బాబూ, లేదంటే రాత్రికి లోపలే” అన్నాడు. టెన్షన్లో ఇచ్చేశాను. రసీదు లేదు. వకాల్తాకి (మన తరఫున వాదించమని వకీలుకి రాసిచ్చే కాగితం) కావాలంటూ రెండు తెల్లకాగితాల మీద సంతకాలు కూడా చేయించుకున్నాడు.

నా మీద పెట్టిన రెండు సెక్షన్లూ బెయిలబుల్. జామీను ఇస్తే స్టేషన్లోనే వదలాలి, అది మన హక్కు. చార్జిషీటు కాపీలకని మళ్ళీ 2,000 పట్టుకెళ్ళాడు. అవి కోర్టు ముద్దాయికి ఊరికే ఇస్తుంది! ఇవన్నీ తర్వాత అసలు వకీలు చెబితే తెలిశాయి.

ఇక సమన్లు వచ్చాక, “వాయిదాకి మీరు రానక్కర్లేదు, రాలేకపోయారని ఆబ్సెంట్ పిటిషన్ వేయిస్తా” అన్నాడు. నేను కోతల హడావుడిలో ఉండి సరే అన్నాను. పిటిషనూ లేదు, అసలు వకాల్తానే దాఖలు కాలేదు. మా ఆవిడ ముగ్గేస్తుంటే కానిస్టేబుల్ వచ్చి వారెంటు ఉందన్నాడు. ఆ ముగ్గుపిండి గిన్నె అలాగే చేత్తో పట్టుకుని నిలబడిపోయింది పాపం. ఈ-కోర్ట్స్ యాప్‌లో మన కేసుకి ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్‌ఆర్ నంబరు కొడితే ఏ వాయిదాకి ఏం జరిగిందో, మళ్ళీ ఎప్పుడో అంతా కనిపిస్తుంది. ఫోన్ నా జేబులోనే ఉంది, చూడలేదు.

నా తెలివితక్కువ పనులూ ఉన్నాయి. బావకి వాట్సాప్‌లో “తోసిన మాట నిజమే కానీ” అని వాయిస్ మెసేజ్ పెట్టాను. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో మన మీద నేరం రుజువు చెయ్యడానికి పనికిరాదు గానీ, ఇలా బయట మనమే చెప్పుకున్నది సాక్ష్యం అవుతుందట. ఆ బల్లమీదాయన మాట విని ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని పక్క చేను ఆయన ఇంటికి రాజీకి కూడా వెళ్ళాను. బెదిరించడానికి వచ్చారని ఆయన ఇంకో కాగితం రాసిచ్చి ఉంటే బెయిలుకే ఎసరు వచ్చేది. ఈ రెండు సెక్షన్లకీ రాజీ కుదురుతుంది, కాకపోతే అది కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో చేసుకోవాలి.

వకీలు ఫీజు ఎక్కడినుంచి తేవాలి అనుకునేవాళ్ళు 15100కి ఫోన్ చేయండి, న్యాయసేవల వాళ్ళది. ఆడవాళ్ళకీ, ఎస్సీ, ఎస్టీలకీ, కస్టడీలో ఉన్నవాళ్ళకీ ఆదాయంతో పనిలేకుండా వకీలుని ఉచితంగా పెడతారు.

కొత్త వకీలుగారు రీకాల్ పిటిషన్ వేసి వారెంటు తీయించారు. లోక్ అదాలత్‌కి ఇద్దరం ఒప్పుకున్నాం. నా సంతకాలున్న ఆ రెండు తెల్లకాగితాలు మాత్రం ఇంకా ఆ మనిషి దగ్గరే ఉన్నాయి. ఫోన్ ఎత్తడం లేదు.