పాత గ్యాంగ్‌స్టర్ కామెడీల డిస్కులు కొనేవాళ్లకు హెచ్చరిక: ఒకే సినిమాను రెండుగా అమ్ముతున్నారు

పాత హాలీవుడ్ సినిమాల డిస్కులు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. 'ది హోల్ టౌన్స్ టాకింగ్', 'పాస్‌పోర్ట్ టు ఫేమ్' అని రెండు సినిమాల డీవీడీ సెట్ కనిపిస్తే కొనకండి. అవి రెండు సినిమాలు కావు. జాన్ ఫోర్డ్ 1935లో తీసిన ఒకే సినిమాకు అమెరికాలో ఒక పేరు, బ్రిటన్‌లో ఇంకో పేరు. నేను రెండింటికీ డబ్బు కట్టాను.

మొదటి పేరుతో ఉన్న సినిమా నాకు ఎప్పటి నుంచో ఇష్టం. జోన్స్ అనే ఒక భయస్థుడైన గుమాస్తా. ఎవరి జోలికీ పోడు. జైలు నుంచి తప్పించుకున్న మానియన్ అనే హంతకుడు అచ్చం ఇతనిలాగే ఉంటాడు. ఇద్దరి పాత్రలూ ఎడ్వర్డ్ జి. రాబిన్సనే వేశాడు. పోలీసులు మానియన్ అనుకుని జోన్స్‌ను పట్టుకుంటారు. పొరపాటు తెలిశాక, మళ్లీ ఎవరూ పట్టుకోకుండా అతని చేతికి ఒక ఉత్తరం ఇస్తారు. ఆ ఉత్తరం కోసం అసలు మానియన్ నేరుగా జోన్స్ గదికే వస్తాడు. తుపాకులు ఉన్నా సినిమా అంతా ఒక మెత్తదనం ఉంటుంది. ఇంట్లో అందరితో కూర్చుని చూడొచ్చు. ముగింపు మాత్రం చెప్పను, చూడనివాళ్లు చూడాలి.

నాకు అనుమానం ఎందుకు రాలేదంటే, రెండో డిస్కు కవర్ మీద వేరే ఫొటో వేశారు. కథను కూడా గ్యాంగ్‌స్టర్ వైపు నుంచి మొదలుపెట్టి రాశారు. రాబిన్సన్ గ్యాంగ్‌స్టర్ కామెడీలు ఇంకా చేశాడు కాబట్టి, ఇది నేను చూడనిదేమో అనుకున్నాను. పైగా నిడివిలో మూడు నాలుగు నిమిషాల తేడా. ఆ తేడా ఎందుకొస్తుందో తర్వాత అర్థమైంది. యూరప్‌లో వాడే పాల్ (PAL) అనే టీవీ పద్ధతి డీవీడీల్లో సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను 25 ఫ్రేముల వేగంతో నడుపుతారు. దాంతో నిడివి 4 శాతం తగ్గుతుంది. గంటన్నర సినిమాకు సరిగ్గా అంతే తేడా వస్తుంది. కాబట్టి నిడివి వేరుగా ఉంది కదా, సినిమా కూడా వేరే అని నమ్మకండి.

ఇంకా బాధ కలిగించింది బొమ్మ. ఆ రోజుల సినిమాలు 1.37:1 కొలతలో ఉంటాయి, అంటే దాదాపు చతురస్రం. టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు రావాలి. ఈ రెండో డిస్కులో స్క్రీన్ నిండాలని పైనా కిందా కోసేశారు. అలా కోస్తే దాదాపు నాలుగో వంతు బొమ్మ పోతుంది. ఇద్దరు రాబిన్సన్‌లు ఎదురెదురుగా ఉండే సీన్లలో ముఖాలే ప్రాణం. అక్కడ తలలు తెగిపోయి కనిపిస్తుంటే నాకు కోపం ఆగలేదు. ఉన్నాయని రాసిన సబ్‌టైటిల్స్ కూడా లేవు.

అమ్మిన వ్యక్తికి రాస్తే, సీలు తీసిన డిస్కు వెనక్కి తీసుకోనన్నాడు. సీలు తీయకుండా లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? చివరికి పనిచేసిందేమిటంటే, 'నచ్చలేదు' అని కాకుండా 'చెప్పిన వస్తువు రాలేదు' అని ఫిర్యాదు పెట్టడం. రెండు సినిమాలని రాసి ఉన్న పేజీ స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది కాబట్టి సగం డబ్బు తిరిగి వచ్చింది. మిగతా సగం కోసం ఇంకా అడుగుతున్నాను. మీరు ఏది కొన్నా ఆర్డర్ పెట్టే ముందే ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత మార్చేస్తారు.

కొనేముందు పేరు చూసి ఆగిపోకండి. దర్శకుడు, సంవత్సరం, నటుల పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ కలిస్తే అది ఒకే సినిమా. బొమ్మ కొలత ఎంతో అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడగండి. డీవీడీ రీజియన్, అంటే ఆ డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే నంబరు కూడా అడగండి, అమెరికా డిస్కులు రీజియన్ 1, మన దేశానివి రీజియన్ 5. ఇంకో గందరగోళం కూడా ఉంది. 'ది టాక్ ఆఫ్ ది టౌన్' అని 1942లో వచ్చిన సినిమా పేరు దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. రెండింట్లోనూ జీన్ ఆర్థర్ నటించింది, రెండూ కొలంబియా స్టూడియోవే. అది మంచి సినిమానే, కానీ రాబిన్సన్ అందులో లేడు.