బోన్సాయ్ ‘ఇనార్గానిక్ మిక్స్’ కొంటున్నారా? ముందు ఆ తెల్ల రాళ్ల మీద నిమ్మకాయ పిండండి

ఆన్‌లైన్‌లో ‘ఇంపోర్టెడ్ ఇనార్గానిక్ బోన్సాయ్ మిక్స్’ పేరుతో అమ్ముతున్న ప్యాకెట్లతో జాగ్రత్త. బోన్సాయ్ అంటే లోతులేని ట్రేలో పొట్టిగా పెంచే చెట్టు. ఇనార్గానిక్ మిక్స్ అంటే కంపోస్ట్, కోకోపీట్ లాంటివి లేకుండా రాతి, మట్టి గింజలతో దానికి వేసే మిశ్రమం. నాకు అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. రేపు ఇదే సరుకు ఇంకో పేరుతో వస్తుంది, అందుకే సరుకును గుర్తుపట్టడం తెలిస్తే చాలు.

ఫొటోలో అకడమ, ప్యూమిస్, లావా రాయి అని మూడు కుప్పలు పోసి చూపించారు. అకడమ అంటే జపాన్‌లో కాంటో ప్రాంతంలో తవ్వే అగ్నిపర్వత మట్టి గింజలు, ఖరీదైన సరుకు. 2 కిలోల ప్యాకెట్ 850 రూపాయలు పెట్టి కొంటే వచ్చినవి ఎర్ర ఇటుక ముక్కలు, తెల్ల మార్బుల్ చిప్స్, మిగతాది కోకోపీట్ (కొబ్బరి పొట్టు), దుమ్ము. ఇటుక ముక్కల మీద నాకేం కోపం లేదు. మన దగ్గర బోన్సాయ్ పెంచేవాళ్లు చాలామంది వాడేది అవే, బాగానే పనిచేస్తాయి. వాటిని అకడమ రేటుకు అంటగట్టడమే మోసం. అసలు నష్టం మాత్రం ఆ తెల్ల ముక్కల వల్లే జరిగింది.

ప్యూమిస్ అంటే నురగలాంటి రాయి. ఒళ్లంతా సన్నని రంధ్రాలు, వాటిలో నీరూ గాలీ రెండూ నిలుస్తాయి. మార్బుల్ ముక్క నీటిని దాదాపు పీల్చదు, పైగా అది సున్నపురాయి జాతి. తడిసినకొద్దీ మట్టిలో క్షారం పెరుగుతుంది. చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఎటూ సున్నం ఎక్కువే, రెండూ తోడైతే మట్టిలో ఇనుము ఉన్నా చెట్టు తీసుకోలేదు. నా జువ్వికి అదే జరిగింది. కొత్తగా వచ్చిన ఆకులు నిమ్మపండు రంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఫొటోలు పంపితే అమ్మినాయన జవాబు: ‘మట్టి మారింది కదా సార్, అలవాటు పడుతుంది, కొంచెం ఓపిక పట్టండి.’ ఆ ఓపిక పట్టేలోపు రిటర్న్ గడువు అయిపోయింది. వాళ్లకు కావాల్సిందీ అదే. చెట్టును ట్రేలోంచి లేపి చూస్తే అడుగున కోకోపీట్, ఇటుక దుమ్ము కలిసి ముద్ద కట్టి మురుగు వాసన కొడుతోంది. చెట్టు కింది వేర్లను చేత్తో పట్టుకుంటే తొక్క ఊడి చేతికొచ్చింది.

కాబట్టి ప్యాకెట్ రాగానే, చెట్టుకు వేయకముందే పరీక్ష చేయండి. తెల్ల ముక్కలు నాలుగు విడిగా తీసి వాటి మీద నిమ్మరసం గానీ వెనిగర్ గానీ పోయండి. బుడగలు వచ్చాయంటే అది ప్యూమిస్ కాదు. నీళ్లలో వేసి కూడా చూడొచ్చు: ఎండు ప్యూమిస్ చాలావరకు తేలుతుంది, మార్బుల్ టక్కున మునుగుతుంది. గోటితో నొక్కితే పొడైపోయే తెల్ల గింజలైతే పెర్లైట్ (అగ్నిపర్వత గాజును కాల్చి ఉబ్బించిన తేలిక గింజలు), అదేమీ హాని చేయదు. మిగతా మిశ్రమం ఒక గుప్పెడు గాజు సీసాలో నీళ్లు పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే అడుగున బురద పేరుకుని ఉంటే ఆ ప్యాకెట్ వెనక్కి పంపేయడమే. ఇంకో మాట, ఈ రకం మిశ్రమాన్ని లీటర్ల లెక్కన అమ్మితేనే న్యాయం. కిలోల్లో అమ్మితే మార్బుల్ ముక్కలే తూకం పెంచుతాయి.

ఇక ఆర్గానిక్ (కంపోస్ట్, కోకోపీట్ లాంటివి) మంచిదా, ఇనార్గానిక్ మంచిదా అని కొట్టుకోవడం దండగ. ముందు చూడాల్సింది గింజ సైజు. నీళ్లు పోశాక ఏ కుండీలోనైనా అడుగున కొంత మందం మేర తడి దిగకుండా నిలిచిపోతుంది. ఆ మందం మట్టి గింజను బట్టి ఉంటుంది గానీ కుండీ లోతును బట్టి కాదు. లోతు కుండీలో పైభాగమైనా ఆరుతుంది. రెండంగుళాల ట్రేలో సన్నమట్టి వేస్తే వేళ్లన్నీ ఆ తడిలోనే ఉంటాయి. అడుగున గులకరాళ్లు పరిచినా లాభం లేదు, తడి ఆ రాళ్ల పైకి జరుగుతుందంతే. అందుకే వంగతోటకు బంగారం లాంటి వర్మీకంపోస్ట్, కోకోపీట్ మిశ్రమం బోన్సాయ్ ట్రేలో వానాకాలం వచ్చేసరికి వేళ్లను కుళ్లబెడుతుంది.

అలాగని ఉత్త ఇనార్గానిక్ కూడా మన మిద్దెల మీద అందరికీ కుదరదు. మే నెల ఎండకు చిన్న ట్రే మధ్యాహ్నానికే ఎండిపోతుంది. పొద్దున, సాయంత్రం నీళ్లు పోసే మనిషి ఉండాలి. రెండు రోజులు ఊరెళ్లొస్తే చెట్టు దక్కదు. ఆ గింజల్లో పోషకాలు కూడా దాదాపు ఉండవు కాబట్టి ఎరువు కొంచెం కొంచెంగా ఇస్తూనే ఉండాలి. నేను జువ్వి, మర్రి, చింతలకు ఇటుక ముక్కలు, దొడ్డు ఇసుక కలిపి మూడు పాళ్లు, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలుపుతాను. అడీనియం, జేడ్ మొక్కలకు ఎరువు పాలు ఇంకా తగ్గిస్తాను. ఇటుక ముక్కలు 3 నుంచి 6 మిల్లీమీటర్లవి ఏరుకోవాలి. పిండి జల్లెడ పనికిరాదు, నూకలు తీసే జల్లెడలో జల్లించి దుమ్మంతా పారబోయండి. కోకోపీట్ వాడేవాళ్లు ఉప్పు పోయేదాకా నాలుగైదు నీళ్లు కడగండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోవద్దు. ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకుంటే చాలా ఉపయోగం. ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, దిగుమతి సరుకైతే ఏ దేశానిదో ఉండి తీరాలి. నాకు వచ్చిన కవర్ మీద ఒక చెట్టు బొమ్మ, ‘ప్రీమియం’ అన్న మాట తప్ప ఏమీ లేవు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను నిమ్మరసం బుడగల వీడియో జతచేసి ఫిర్యాదు పెట్టాక, అప్పటిదాకా పలకని అమ్మినాయన ఫోన్ చేసి ఇంకో ప్యాకెట్ ఫ్రీగా పంపిస్తానన్నాడు. వద్దు బాబూ, డబ్బులే పంపమన్నాను.