జాగ్రత్త: లక్ష డాలర్ల పాలసీ, మోకాలి ఆపరేషన్‌కు ఇచ్చింది 18,300

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లబోతున్న పెద్దవాళ్ల కోసం, వాళ్లకు ట్రావెల్ ఇన్సూరెన్స్ కొనే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. దయచేసి డబ్బు కట్టకముందే చదవండి. నా పాలసీ మొదటి పేజీ మీద లక్ష డాలర్ల కవర్ అని ఉంది. న్యూజెర్సీలో నా మోకాలి ఆపరేషన్‌కు అయిన బిల్లులు మొత్తం 72,090 డాలర్లు. ఆ పాలసీ కింద నాకు రాగలిగింది 18,300. మిగతాది ఎందుకు రాదో పాలసీలోనే రాసి ఉంది, ఇరవై మూడో పేజీలో ఒక చిన్న పట్టికగా. నేను ఆ పేజీ తెరవలేదు. అమ్మినవాళ్లూ చూపించలేదు.

నాకు 66 ఏళ్లు. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను, ఉండేది ఖమ్మంలో. మా అబ్బాయి, కోడలు న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటారు. అక్టోబరు చివర్లో నేనూ మా ఆవిడా వాళ్ల దగ్గరకు వెళ్లాం. బయల్దేరే ముందు ఇక్కడే ఒక ఏజెంటు దగ్గర ఇద్దరికీ 180 రోజులకు పాలసీ తీసుకున్నాం. నేను అడిగినవి రెండే ప్రశ్నలు, ఎంత కవర్, ఎంత ప్రీమియం. అతను షుగర్, బీపీ ఉన్నాయా అని అడిగి రాసుకున్నాడు. "అక్కడ ఏం జరిగినా క్యాష్‌లెస్సే సార్, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. పాలసీ పీడీఎఫ్ వాట్సాప్‌లో వచ్చింది. మొదటి పేజీ చూసి ప్రింట్ తీయించి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకున్నాను.

జనవరి రెండో వారంలో ఒకరోజు పొద్దున్నే చెత్త డబ్బా రోడ్డు పక్కన పెడదామని బయటికి వచ్చాను. ముందు రోజు కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి డ్రైవ్‌వే మీద పలచగా పరుచుకుని ఉంది. బ్లాక్ ఐస్ అంటారు. చూస్తే నేల తడిసినట్టే ఉంటుంది. అడుగు వేయగానే ఎడమ కాలు జారి మోకాలు పక్కకు తిరిగిపోయింది. లేవలేకపోయాను. కోడలు అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసింది.

ఎమర్జెన్సీలో డబ్బు సంగతి ముందు అడుగుతారేమో అని భయపడ్డాను. అడగలేదు. డబ్బు ఉన్నా లేకపోయినా అత్యవసర స్థితిలో వచ్చిన మనిషిని పరీక్షించి, పరిస్థితి కుదుటపడేదాకా చూడాలని అక్కడ 1986 నుంచి చట్టం ఉంది. ఎక్స్‌రే, సీటీ తీశారు. మోకాలి కింది పెద్ద ఎముక పై అంచు, సరిగ్గా కీలు ఆనే చోటే పగిలి కుంగింది అన్నారు. టిబియల్ ప్లేటో ఫ్రాక్చర్ అని దాని పేరు.

ఎమర్జెన్సీలో జరిగిన ఒక చిన్న విషయం దయచేసి గుర్తు పెట్టుకోండి. ఇంతకుముందు ఆ మోకాలికి ఏమైనా ఉందా అని నర్సు అడిగింది. నేను నొప్పితో మాట్లాడలేక మా అబ్బాయి వైపు చూశాను. వాడు కంగారులో, "నాన్నకు మోకాళ్ల నొప్పులు చాలా ఏళ్లుగా ఉన్నాయి" అన్నాడు. అబద్ధం కాదు. మెట్లెక్కితే నొప్పి వస్తోందని రెండేళ్ల క్రితం ఖమ్మంలో ఎక్స్‌రే తీయించుకున్నాను, అరుగుదల మొదలైందన్నారు. నర్సు అది విని టైపు చేసుకుంది. తర్వాత ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఇన్సూరెన్స్ కంపెనీ మా క్లెయిమ్ మొత్తం తిరస్కరించింది. పాలసీకి ముందే ఉన్న జబ్బు అట.

అబద్ధం చెప్పమని నేను అనడం లేదు, ఎప్పుడూ చెప్పకండి. కానీ పూర్తిగా చెప్పండి. రెండు మోకాళ్లలో పాత అరుగుదల ఉంది, ఈ రోజు మంచు మీద జారిపడి ఎముక విరిగింది, పడకముందు మామూలుగా నడుస్తున్నాను అని మూడు ముక్కలూ రాయించండి. పిల్లలు టెన్షన్‌లో ఉంటారు, వాళ్ల మీద ఈ భారం పెట్టకండి. అమెరికాలో హాస్పిటల్‌ను అడిగితే ఫోన్ మీద, వీడియో మీద తెలుగు దుబాసీని ఉచితంగా కలుపుతారు. ఆ సంగతి మాకు మూడో రోజు తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆపరేషన్ చేశారు. కుంగిన ఎముకను పైకి లేపి ప్లేటు, స్క్రూలు వేశారు. వైద్యం విషయంలో నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. రక్తం గడ్డకట్టకుండా పిక్కలకు చుట్టిన గాలి తొడుగులు రాత్రంతా ఉబ్బుతూ తగ్గుతూ ఉండేవి. వచ్చిన ప్రతి నర్సూ "నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత" అని అడిగేది. మన వయసువాళ్లకు ఓర్చుకోవడమే అలవాటు కదా, మూడు, నాలుగు అని చెప్పి తెల్లవార్లూ పళ్లు బిగించి పడుకున్నాను. పొద్దున ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి నిలబెట్టబోతే కాలు కదపలేకపోయాను. నొప్పి దాస్తే వ్యాయామం చేయలేరు, వ్యాయామం చేయకపోతే మోకాలు బిగుసుకుపోతుంది అని ఆమె మందలించింది. మందు ఇప్పించి గంట ఆగి మళ్లీ వచ్చింది. నడుముకు బెల్టు కట్టి, వాకర్ చేతికిచ్చి, ఎడమ కాలు నేలకు ఆనకుండా మంచం నుంచి కుర్చీ దాకా నడిపించింది. ఆరడుగుల దూరం. చెమటతో గౌను తడిసిపోయింది. ఆ మధ్యాహ్నం మా ఆవిడ డబ్బాలో పెరుగన్నం, నిమ్మకాయ పచ్చడి తెచ్చింది. రెండు రోజుల చల్లటి శాండ్‌విచ్‌ల తర్వాత అది తింటుంటే ఏడుపొచ్చింది.

మూడో రోజే ఇంటికి పంపడం గురించి మాట్లాడారు. కేసు మేనేజరు వచ్చి, ఇంటికి వెళ్తారా, రిహాబ్ సెంటర్‌కా అని అడిగింది. రిహాబ్‌లో ఉంటే రోజూ వ్యాయామం చేయిస్తారు, లేపి కూర్చోబెడతారు. మా అబ్బాయి అప్పుడు మొదటిసారి పాలసీ మొత్తం తెరిచి చదివాడు. రిహాబ్‌కు రాదు. డిశ్చార్జి అయ్యాక ఫిజియోథెరపీకి రాదు. వాకర్‌కు, స్నానం కుర్చీకి రాదు. చదువుతూ చదువుతూ ఇరవై మూడో పేజీకి వచ్చి ఆగిపోయాడు.

ఆ పేజీలో ఉన్నది 60 ఏళ్లు దాటినవాళ్లకు వర్తించే పరిమితుల పట్టిక. గదికి రోజుకు 1,500 డాలర్లు. ఆపరేషన్‌కు, అంటే సర్జన్, థియేటర్, ప్లేటు అన్నీ కలిపి 10,000. మత్తు డాక్టరుకు అందులో నాలుగో వంతు. పరీక్షలన్నిటికీ కలిపి 1,000. అంబులెన్స్‌కు 400. మా లెక్క వేసి చూడండి: మూడు రాత్రులకు 4,500, ఆపరేషన్‌కు 10,000, మత్తుకు 2,500, పరీక్షలకు 1,000, అంబులెన్స్‌కు 400. మొత్తం 18,400, అందులో పాలసీ ప్రకారం నేనే పెట్టుకోవాల్సిన నా వంతు 100 పోగా 18,300. పైన లక్ష అని ఉన్నా, అరవై దాటిన మనిషికి ఒక్క మోకాలు విరిగితే ఆ లక్ష దగ్గరకు వెళ్లే దారే లేదు. ఇది తెలిసి కూడా "ఏం జరిగినా క్యాష్‌లెస్సే" అని అమ్మడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. మనసు కష్టపెట్టుకుని చెబుతున్నాను.

అందుకే కొనేముందు అడగాల్సింది ఇది. ఈ వయసుకు వేరే పరిమితుల పట్టిక ఉందా, ఉంటే పంపండి అని అడగండి. బ్రోచరు పంపితే ఒప్పుకోకండి, పాలసీ పూర్తి షరతుల పుస్తకం పంపమనండి. డిశ్చార్జి తర్వాత ఫిజియోథెరపీకి ఎంత ఇస్తారో రాతపూర్వకంగా అడగండి, ఎందుకంటే మోకాలికి ఆపరేషన్ సగమే, మిగతా సగం ఆ తర్వాతి మూడు నెలలు. పిల్లలు అమెరికా కంపెనీల దగ్గర కొనే విజిటర్ ఇన్సూరెన్స్‌లోనూ ఇదే మెలిక ఉంది. అక్కడ రెండు రకాలు. ఫిక్స్‌డ్ బెనిఫిట్ అనేది చవక, ఒక్కో పనికి ఇంత అని ముందే నిర్ణయించిన మొత్తమే ఇస్తుంది. కాంప్రహెన్సివ్ అనేదానికి ప్రీమియం ఎక్కువ, మన వంతు పోయాక మామూలుగా మొదటి ఐదు వేలలో 80 శాతం, ఆపైన పరిమితి దాకా పూర్తిగా ఇస్తుంది. పాత జబ్బుల షరతులు రెండింటిలోనూ ఉంటాయి, డెబ్బై దాటితే చాలా పాలసీల్లో పరిమితి తగ్గిపోతుంది. అయినా రెండింటికీ ప్రీమియంలో తేడా ఎంతో మీ వయసుకు లెక్క వేయించి చూడండి.

ఇంటికి వచ్చాక అసలు కష్టం మొదలైంది. అక్కడి ఇళ్లలో పడకగదులు, స్నానాల గది పై అంతస్తులో. కింద టాయిలెట్ ఒక్కటే. పది వారాలు కాలు నేలకు ఆనించకూడదన్నారు. హాల్లో సోఫా మీదే నా మకాం. రక్తం గడ్డకట్టకుండా పొట్టకు వేసే ఇంజెక్షన్ మా ఆవిడ నేర్చుకుని నాలుగు వారాలు వేసింది, మొదటి రోజు చేతులు వణికాయి. సర్జన్ వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ రాశాడు. ఒక్కో సిట్టింగ్‌కు 150 డాలర్లు దాటేది. నాలుగు చేయించుకుని, అబ్బాయి జేబు చూసి మానేశాను. ఆ నిర్ణయం తప్పు. కాగితం మీద ఇచ్చిన వ్యాయామాలు, తొడ బిగించడం, తువ్వాలుతో మడమ లాక్కోవడం చేశాను గానీ మోకాలు 70 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. కుర్చీలో సరిగ్గా కూర్చోవడానికే 90 కావాలి.

బిల్లులు ఒకటిగా రావు, అదీ తెలుసుకోండి. హాస్పిటల్‌ది వేరు, సర్జన్‌ది వేరు, మత్తు డాక్టరుది, ఎక్స్‌రే చదివిన డాక్టరుది, అంబులెన్స్‌ది వేరు వేరు కవర్లలో నెలల తరబడి వస్తాయి. హాస్పిటల్ మొదట పంపింది ఒకే మొత్తం. ఐటమైజ్డ్ బిల్లు అడిగితే ప్రతి పద్దూ వచ్చింది. ఉన్నది మూడు రాత్రులైతే నాలుగు వేశారు. చూపించగానే సరిచేశారు. అలాగే లాభాపేక్ష లేని హాస్పిటళ్లకు ఆర్థిక సాయం పథకం తప్పనిసరిగా ఉండాలని అక్కడ చట్టం. డిశ్చార్జి తర్వాతి మొదటి బిల్లు నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎవరికి ఎంత అన్నది ఆ హాస్పిటల్ నియమాలను బట్టి. నా పెన్షన్ కాగితాలు పెట్టాం, హాస్పిటల్ తన బిల్లులో పెద్ద భాగం తగ్గించింది. మిగిలింది నెలనెలా మా అబ్బాయి ఇంకా కడుతున్నాడు.

ఏప్రిల్‌లో, పద్నాలుగో వారంలో తిరిగొచ్చాం. ఐ-94 తేదీ, అంటే అమెరికాలో ఉండటానికి ఇచ్చిన గడువు, దగ్గర పడింది. అప్పటికీ ప్రయాణం కుదరనివాళ్లు తేదీ దాటకముందే ఐ-539 అనే గడువు పొడిగింపు దరఖాస్తు వేయాలి. ఎయిర్‌లైన్‌కు మెడికల్ ఫారం సర్జన్ చేత నింపించి ముందే పంపాం. విమానంలో గంటకోసారి పాదాలు ఆడించమన్నారు, నిద్రపోకుండా అదే పని చేశాను.

ఇక్కడికి వచ్చాక తిరస్కరణ మీద పోరాడాను. ఇది పాత అరుగుదల కాదు, పడటం వల్ల ఆ రోజు విరిగిన ఎముక అని సర్జన్ ఇచ్చిన ఉత్తరం, సీటీ రిపోర్టు జతచేసి కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపాను. తర్వాత బీమా కంపెనీల మీద నియంత్రణ చేసే సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా అనే ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టాను. అప్పుడు ఆ 18,300 ఇచ్చారు. ఇవ్వకపోతే కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు, హైదరాబాద్‌కు వెళ్లేవాడిని. అక్కడ ఫీజు లేదు, 50 లక్షల రూపాయల దాకా తీర్పు ఇవ్వగలరు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి, వాళ్లు కాదన్నాక లేదా నెల దాకా బదులివ్వకపోయాక ఏడాదిలోపు వెళ్లాలి. కాబట్టి ఫోన్లో మాట్లాడి ఊరుకోకండి, ప్రతిదీ ఈమెయిల్‌లో పెట్టండి.

ఖమ్మంలో ఫిజియోథెరపిస్టు ఇంటికే వచ్చి మూడు నెలలు చేయించాడు. ఇప్పుడు 115 డిగ్రీల దాకా వంగుతోంది. కింద కూర్చోలేను, మెట్లు మాత్రం రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతున్నాను.

మా కోడలికి ఫిబ్రవరిలో కాన్పు. మా ఆవిడ వెళ్లాలి, ఆమెకు 61. పోయిన వారం ముగ్గురు అమ్మేవాళ్లను పాలసీ పూర్తి షరతుల పుస్తకం, వయసు పట్టిక ముందే పంపమని అడిగాను. ఒక్కరే పంపారు. మిగతా ఇద్దరూ మళ్లీ బ్రోచరే పంపారు.