ఈపర్‌లో రెండు రోజులు: 225 యూరోలు కట్టినా చూపించనిది, 165తో మేమే చూసింది

ముందే చెప్పేస్తాను. బెల్జియంలో ఈపర్ వెళ్ళి మొదటి ప్రపంచ యుద్ధం జరిగిన చోట్లు చూడాలనుకునేవాళ్ళు వ్యాన్ టూర్ కట్టకండి. మేం మనిషికి 75 చొప్పున ముగ్గురికి 225 యూరోలు కట్టాం. కట్టింది ఒకే ఒక్క దానికోసం. వాళ్ళ జాబితాలో చివరన, సరిహద్దు అవతల ఫ్రాన్స్‌లో ఉన్న నవ్ షపెల్‌లోని భారతీయ సైనికుల స్మారకం ఉంది. తెనాలి దగ్గర పల్లె నుంచి మా ఇంటికి వచ్చిన నాన్న, యూరప్‌లో ఇంకేం చూపించకపోయినా అది చూపించమన్నారు. ఆయనకి 71 ఏళ్ళు. మళ్ళీ వస్తారన్న నమ్మకం ఆయనకీ లేదు, నాకూ లేదు.

బ్రస్సెల్స్ నుంచి రైలు ప్రయాణం బాగానే జరిగింది. టూర్ పదింటికి మొదలైంది. గైడ్‌కి ఫిరంగులంటే ప్రాణం. ఏది ఎంత దూరం పేలుతుందో, దేని గుండు ఎంత బరువో వ్యాన్‌లో ఎక్కినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. టైన్ కాట్ శ్మశానంలో మాకిచ్చింది 25 నిమిషాలు. అక్కడ దాదాపు 12,000 సమాధులు, వాటిలో 8,000 పైచిలుకు ఎవరివో తెలియవు. ఆ రాళ్ళ మీద 'దేవుడికి తెలిసినవాడు' అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. అర్థం అడిగి తెలుసుకున్నాక అమ్మ ఒక్కో రాయి దగ్గరా ఆగడం మొదలుపెట్టింది. రెండో వరుస పూర్తి కాకుండానే హారన్ కొట్టారు. లాంగెమార్క్‌లోని జర్మన్ శ్మశానంలో 15 నిమిషాలు. ఓక్ చెట్ల కింద నేలకి ఆనించిన నల్లటి పలకలు, ఒకే గోతిలో పాతికవేల మంది దాకా. ఆ తర్వాత మాత్రం ఒక చాక్లెట్ షాపు ముందు 40 నిమిషాలు ఆపాడు. నాలుగవుతుండగా, ఫ్రాన్స్ సరిహద్దు దాటి వెళ్ళే టైమ్ లేదని వ్యాన్ వెనక్కి తిప్పేశాడు.

నేను గట్టిగానే అడిగాను. డబ్బు వెనక్కి ఇవ్వరట, తర్వాతి టూర్‌కి పది శాతం కూపన్ ఇస్తారట. నాన్న మాత్రం "పోన్లేమ్మా, చీకటి పడుతోంది కదా" అన్నారు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

బస కూడా అలాగే ఏడిచింది. రాత్రికి 118 యూరోలు, పైన ఊరి పన్ను వేరు. 'మెట్లు తక్కువ' అని రాసి, పెంకుల కిందున్న మూడో అంతస్తు గది ఇచ్చారు. నిచ్చెనలాంటి చెక్క మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కడానికి భయపడి, సాయంత్రం అంతా కిందే కూర్చుంది. పెద్దవాళ్ళతో వెళ్తే లిఫ్ట్ ఉందా అని ఫోన్ చేసి అడిగాకే బుక్ చేయండి.

ఊళ్ళోని స్మారక ద్వారం మెనిన్ గేట్ దగ్గర మాత్రం ఎవరూ ఏమీ అడగరు, టికెట్ లేదు. 1928లో మొదలై, 1929 నుంచి రోజూ రాత్రి 8 గంటలకి అక్కడ బ్యూగిల్ ఊది, ఆచూకీ దొరకని సైనికులను తలుచుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఊరిని పట్టుకున్నప్పుడు తప్ప ఆగలేదు. ఊదేది ఊరి అగ్నిమాపక దళం వాళ్ళు. గోడల నిండా 54,000 పైగా పేర్లు, వాటిలో మన దేశపు సిపాయిలవీ ఉన్నాయి. ఏడుంబావుకల్లా వెళ్తే ముందు వరుసలో నిలబడొచ్చు. వాన పడుతున్నా జనం కదల్లేదు.

మర్నాడు ఉదయం మ్యూజియం. పాత బట్టల మార్కెట్ భవనం క్లాత్ హాల్‌లో ఉంది, కనీసం మూడు గంటలు పెట్టుకోండి. టూర్‌లో నాన్న ఒకటే ప్రశ్న అడిగారు: "ఇంత పల్లం భూమి కదా, వాననీళ్ళు ఎటు పోతాయి?" గైడ్ నవ్వి ఊరుకున్నాడు. జవాబు మ్యూజియంలో దొరికింది. ఇక్కడిది బంకమట్టి, పంట కాలువల్లాంటి సన్న డ్రెయిన్లు తవ్వుకుని బతికిన నేల. 1917 జులై 31 దాడికి ముందు బ్రిటిష్‌వాళ్ళు 40 లక్షలకి పైగా ఫిరంగి గుండ్లు కురిపించారు. డ్రెయిన్లన్నీ ఛిద్రమయ్యాయి. పైన వాన పట్టుకుంది. నీరు పోయే దారి లేక మనుషులు, గుర్రాలు, కంచర గాడిదలు బురదలో మునిగి చనిపోయారు. నాన్న 77 ఉప్పెన తర్వాత దివిసీమ బురదలో శవాల కోసం నడిచిన మనిషి. అక్కడున్న ఆ బురద ఫొటో ముందు నిలబడి, "డ్రెయిన్ పోయాక ఇంకేం మిగుల్తుందమ్మా" అన్నారు.

1915 ఏప్రిల్ 22న జర్మన్ సైన్యం ఈ ఊరి పక్కనే క్లోరిన్ అనే విషవాయువు వదిలింది. గాలి వాలు చూసుకుని సిలిండర్ల మూతలు తిప్పారు. నాలుగు రోజులకే మన సైనికులున్న లాహోర్ డివిజన్‌ని బ్రిటిష్‌వాళ్ళు అక్కడ దాడికి పంపారు. సరైన మాస్కులు లేవు, ముక్కుకి తడిగుడ్డలు కట్టుకున్నారు. ఆ గ్యాస్ ప్రయోగాన్ని దగ్గరుండి నడిపించినవాడు ఫ్రిట్జ్ హేబర్. గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తీసే పద్ధతి కనిపెట్టిందీ ఆయనే. మన పొలాల్లో చల్లే యూరియాకి మూలం అదే, ఆ యుద్ధంలో జర్మనీ పేలుడు పదార్థాలకి ఆధారమూ అదే. నేను చదివి చెప్పాక నాన్న "యూరియా ఆయనా, ఈయనా ఒకడేనా?" అని రెండుసార్లు అడిగారు.

ఊరి జనం గురించి టూర్‌లో ఒక్క ముక్క చెప్పలేదు. అప్పటికి ఊళ్ళో మిగిలినవాళ్ళని 1915 మేలో ఖాళీ చేయించారు. యుద్ధం అయ్యేసరికి ఊరు ఇటుకల కుప్ప. ఆ శిథిలాలను అలాగే స్మారకంగా ఉంచాలన్నాడు చర్చిల్. ఊరివాళ్ళు ఒప్పుకోలేదు, తిరిగొచ్చి చెక్క షెడ్లలో ఉంటూ పాత ఊరినే మళ్ళీ కట్టుకున్నారు. క్లాత్ హాల్ పూర్తయ్యింది 1967లో. "అంటే మన సాగర్ డ్యామ్ వయసు" అన్నారు నాన్న.

కూరగాయల సూప్, బ్రెడ్ 7.50 యూరోలు, మార్కెట్ వెనక చిన్న హోటల్లో. మాంసం నీళ్ళు కలపలేదు కదా అని అడిగితే హోటల్ ఆవిడ వంటగదిలోంచి గిన్నె తెచ్చి చూపించింది. సెలరీ దుంప, లీక్, బంగాళాదుంప. అమ్మ మిరియాల పొడి అడిగి వేసుకుని, రెండు రోజుల్లో మొదటిసారి కడుపునిండా తిన్నది. అప్పుడే ఆవిడ తనకి తెలిసిన టాక్సీ పిలిచింది. నవ్ షపెల్‌కి రానూపోనూ, అక్కడ గంటన్నర ఆగడంతో కలిపి 165 యూరోలు. ముందే చెప్పాడు, అంతే తీసుకున్నాడు.

దారిలో కారు పక్కకి ఆపి, దిగకుండా చూడమన్నాడు. కరెంటు స్తంభం మొదట్లో, తవ్విన బంగాళాదుంపల కుప్ప పక్కన, మూరెడు పొడుగు ఇనుప గుండు. తుప్పు పెచ్చుల మధ్య తడి మట్టి ఇంకా ఆరలేదు. నాగలికి తగిలితే రైతులు ఇలా రోడ్డు పక్కన పెడతారు, సైన్యం వాళ్ళు వచ్చి తీసుకెళ్తారు. కొన్నిట్లో గ్యాస్ ఇంకా ఉంటుంది. 2014 మార్చిలో ఈపర్‌లోనే అలాంటి గుండు పేలి ఇద్దరు కూలీలు చనిపోయారు. నాన్న అద్దం దించి చాలాసేపు చూశారు. "వందేళ్ళయినా ఈ రైతు దుక్కి దున్నాలంటే ప్రాణానికి తెగించాలి" అన్నారు.

నవ్ షపెల్ స్మారకం రోడ్డు కూడలి పక్కన గుండ్రంగా ఉంది. తామర తల ఉన్న రాతి స్తంభం, రెండు పులులు, జాలీ గోడ, 1927లో కట్టింది. 1915 మార్చి 10న 35 నిమిషాల ఫిరంగి దాడి తర్వాత మన సైనికులు ఆ ఊరి మీదికి వెళ్ళారు. గోడ మీద 4,700 పైగా పేర్లు, సమాధి కూడా దొరకనివాళ్ళవి. ఆ రోజే చనిపోయి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ పొందిన గఢ్వాలీ గబ్బర్ సింగ్ నేగీ పేరూ అందులో ఉంది. సింగ్‌లు, ఖాన్‌లు, థాపాలు, గురుంగ్‌లు. నాన్న తెలుగు పేరు ఒకటి దొరుకుతుందేమోనని వేలు పెట్టి వరుసగా చదివారు. మాకున్న గంటన్నరలో కనబడలేదు. మేం తప్ప అక్కడ ఇంకెవరూ లేరు.

తిరుగు రైల్లో నాన్న మా పొలం కౌలుకి చేసే అతనికి ఫోన్ చేశారు. కుశల ప్రశ్నలేమీ లేవు. తుపాను వచ్చేలోపు డ్రెయిన్‌లో పూడిక తీయించారా అని అడిగారు. ఇంకా లేదని అటునుంచి చెప్పినట్టున్నారు. "రేపే మనుషుల్ని పెట్టు, డబ్బు నేను పంపుతా" అని ఫోన్ పెట్టేశారు.